ప్లాస్టిక్ గరాటు మానేసి అల్యూమినియం గరాటు కొన్నాను

డాలస్‌లో చలికాలం హీటర్ వేస్తే గరాజ్‌లో గాలి పూర్తిగా పొడిబారిపోతుంది. టార్గెట్ షూటింగ్ కోసం నా తూటాలు నేనే నింపుకుంటాను. ఆ పొడి గాలికి పుట్టే స్టాటిక్ కరెంట్ వల్ల పాత ప్లాస్టిక్ గరాటులో తుపాకి మందు గింజలు గోడకు చీమల్లా అతుక్కునేవి, వేలితో తట్టినా సగం కదిలేవి కావు. మందును తూచే కొలత గ్రెయిన్, అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు కూడా చూసుకుని తూచే పని ఇది. ఒక కేసులో (తూటా ఖాళీ గుల్లలో) తగ్గిన మందు తర్వాతి కేసులో పడితే? ఆ టెన్షన్ నాకొద్దు.

బట్టల డ్రయ్యర్‌లో స్టాటిక్ తగ్గడానికి వేసే డ్రయ్యర్ షీట్‌తో తుడిస్తే కొన్నాళ్లు బాగానే ఉండేది, మళ్లీ మామూలే. సబ్బునీళ్లతో కడిగి, తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో రుద్దితే స్టాటిక్ మళ్లీ పుడుతుంది.

అల్యూమినియం గరాటు వచ్చాక మందు జలజలా జారిపోతోంది. లోపల వేలు పెట్టి చూశాను, ఒక్క గింజ లేదు. చిన్న కేసుల మీద మాత్రం కొంచెం ఊగుతుంది, చేత్తో పట్టుకోవాలి. మందు పోసి ఉంచే డబ్బా, అంటే హాపర్, ఇంకా ప్లాస్టిక్‌దే. దాన్ని ఒకసారి మందుతో నింపి దింపాను, గింజల మీద పూతగా ఉండే, కరెంట్‌ను పోనిచ్చే గ్రాఫైట్ పొడి అంటుకుని అదీ చాలావరకు సర్దుకుంది. నాలుగున్నర స్టార్లు.