పెర్త్ అంబోయ్ కొట్టులో ప్లాంటైన్లు: నలుపులో మూడు రకాలు

మాది రావులపాలెం దగ్గర. గెల చూసి ఎన్నాళ్లకి ముగ్గుతుందో చెప్పేసే ఇంట్లో పుట్టాను. నాన్న కౌలుకి అరటి తోట చేసేవారు. కర్పూర, చక్కెరకేళి, గట్టు వెంట కాసిని బొంత. అందుకని అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చిన ఈ పదకొండేళ్లలో అరటి విషయంలో ఎవరినీ సలహా అడిగింది లేదు. ఆ పొగరు కాస్తా పోయినేడాది డిసెంబరులో ఆరు ప్లాంటైన్లు, అంటే ఇక్కడ దొరికే కూర అరటికాయలు, దించేశాయి. అవి కొన్న కొట్టు గురించే ఈ రివ్యూ.

కొట్టు పెర్త్ అంబోయ్‌లో, స్మిత్ స్ట్రీట్ దగ్గర. పేరు రాయడం లేదు, ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి. ఆ చుట్టుపక్కల డొమినికన్, ప్యూర్టోరికన్ కొట్లు చాలానే ఉన్నాయి. ఎడిసన్ నుంచి ఇరవై నిమిషాల దారి. పార్కింగ్ మాత్రం పెద్ద టెన్షన్. రెండు చుట్లు తిరగందే చోటు దొరకదు.

మన ఇండియన్ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డు వదిలేసి అంత దూరం ఎందుకంటే, మన కొట్లలో ప్లాంటైన్ పచ్చిగానే దొరుకుతుంది. వేపుడుకి, బజ్జీకి, ఆవపెట్టిన కూరకి. కాస్త పసుపు తిరిగిందంటే పక్కన పడేస్తారు. వాళ్ల తప్పేం లేదు, మనకి కూర అరటికాయ పండిందంటే పాడైనట్టే లెక్క. ఈ కొట్లో అలా కాదు. ఒకే కాయకి మూడు తొట్లు. మొదటి దాంట్లో ముదురాకుపచ్చవి, వాటిని వెర్దే అంటారు. రెండో దాంట్లో పసుపూ పచ్చా కలిసి అక్కడక్కడ నల్ల చారలు పడ్డవి, పింటోన్. మూడో దాంట్లో దాదాపు నల్లగా అయిపోయినవి, మదూరో. పచ్చివాటిని ఉడకబెట్టి మెదిపి మంగూ చేస్తారు, లేదంటే రెండుసార్లు నూనెలో వేయించి తోస్తోనెస్ చేస్తారు. నల్లబడినవాటిని ఏటవాలుగా కోసి వేయిస్తారు. నేను వెళ్లింది ఈ ఆఖరి దాని కోసం. మావాడి స్కూల్లో స్నేహితుడు ఒకడు డొమినికన్ పిల్లాడు. వాడి లంచ్ బాక్సులోంచి ఒక ముక్క తిని వచ్చాడు మావాడు. అప్పట్నుంచి "అమ్మా, ఆ నల్ల అరటిపండు చెయ్యి" అని ఒకటే గోల.

మొదటిసారి వెళ్లినప్పుడు మూడో తొట్టి వైపు చూడనేలేదు. ఆ నల్లవాటికి డబ్బులిస్తే అమ్మ వీడియో కాల్‌లోనే తిడుతుంది. పచ్చివి తీసుకుని ఇంట్లో ముగ్గబెడదాం, మనకి రాని విద్యా ఏమిటి అనుకున్నాను. రెండు డాలర్లకి అయిదు, ఒకటి విడిగా తీసుకున్నాను. డిక్కీలో పెట్టి, మావాడి ఈత క్లాసు, కాస్ట్‌కో, పెట్రోలు అన్నీ చూసుకుని ఇల్లు చేరేసరికి మూడు గంటలు. బయట 28 డిగ్రీలు, ఫారెన్‌హీట్. అంటే నీళ్లు గడ్డకట్టే చలి.

నాలుగో రోజుకే ఆరింటికీ తొక్క నల్లబడింది. "చూశారా, నాలుగు రోజుల్లో ముగ్గిపోయాయి" అని మావారికి గొప్పగా చూపించాను. కోస్తే చాకు దిగలేదు. లోపల పెండలంలా తెల్లగా, బిర్రుగా ఉంది. అయినా మొండికేసి వేయించాను. మావాడు ఒక ముక్క కొరికి, "అమ్మా, ఇది ఎరేజర్" అన్నాడు.

తిరిగి తీసుకెళ్లాను. ఇక్కడే నా ఫిర్యాదు. కౌంటర్ దగ్గరున్నాయన నా మాట పూర్తి కాకుండానే గోడమీది బోర్డు చూపించాడు. కూరగాయలు, పళ్లు వాపసు లేదట. సరే, రూల్ రూలే. కానీ వెనక తలుపు బార్లా తీసి ఉంది, ప్లాంటైన్ అట్టపెట్టెలు ఆ తలుపు పక్కనే గాలికి వణుకుతున్నాయి. నా డిక్కీ ఎంత పాపం చేసిందో ఆ తలుపూ అంతే చేసి ఉంటుంది. ఆ మాట అంటే భుజాలు ఎగరేశాడు. దీనికి ఒక స్టార్ కోత.

కోసిన స్టార్‌లో సగం వెనక్కి ఇప్పించింది తొట్లు సర్దే పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. నా సంచిలోంచి ఒక కాయ తీసి నొక్కి చూసి, "ఫ్రీయో, మామీ, ఫ్రీయో" అన్నాడు. చలికి దెబ్బతిందని. (అక్కడ ఆడవాళ్లందరినీ మామీ అనే పిలుస్తారు. తమిళవాళ్ల మామీలు గుర్తొచ్చి, మైలాపూర్ కోడలినైపోయినట్టు అనిపించింది నాకు.) తర్వాత మూడో తొట్టిలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు, వేళ్లతో కాయ పొడుగునా నొక్కించాడు. నేను గెలల మధ్య పెరిగినా నలుపులో ఇన్ని తేడాలుంటాయని అప్పుడే తెలిసింది.

చలి నలుపు బూడిద కలిసినట్టు మసక మసకగా ఉంటుంది. కాయంతా ఒకేలా పాకుతుంది, నొక్కితే రాయి. అరటికి ఉష్ణోగ్రత సుమారు 13 సెల్సియస్ కిందకి పోతే తొక్కలోని కణాలు దెబ్బతింటాయి. ఆ తర్వాత వెచ్చగా పెట్టినా సరిగా ముగ్గదు. ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు నల్లబడేదీ ఇందుకే. ఇక దెబ్బ నలుపు ఒక్క చోటే ఉంటుంది. ఆ చోట వేలు లోపలికి దిగబడి తడిగా తగులుతుంది, మిగతా కాయ గట్టిగానే ఉంటుంది. మూడో తొట్టిలో సగం ఇవే, చూసుకుని తీసుకోవాలి. పండిన నలుపు మచ్చలుగా మొదలై ఒకదాంతో ఒకటి కలుస్తుంది. తొక్క పల్చబడుతుంది, పెదవి కింది కండలా పొడుగునా ఒకేలా మెత్తగా ఉంటుంది. ముక్కు దగ్గర పెడితే పులుపు తగిలిన తీపి వాసన, తాటి తాండ్రని గుర్తు చేసేలా.

పెద్దాయన ఇంకో ప్రశ్న అడిగాడు. "పారా ఓయ్?" ఎవరినో కేకేస్తున్నాడనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఓయ్ అంటే ఈరోజు అట. ఈరోజుకా, శనివారానికా అని అడుగుతున్నాడు. శనివారానికి అన్నాను. పింటోన్ తొట్టిలోంచి నాలుగు ఏరి ఇచ్చాడు, మూడో తొట్టిలోవి తీసుకోనివ్వలేదు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేస్తే, "ఏమే, నీకు అరటిపండు ముగ్గబెట్టడం రాలేదా?" అని నవ్వింది. మా ఊళ్లో అయితే గదిలో గెలలు పేర్చి, మూల ఊక కుంపటి పెట్టి, తలుపు సందులు మట్టితో మెత్తి పొగ పట్టించేవారు. వెచ్చదనం, పొగలో ఉండే ఎథిలీన్ (కాయని ముగ్గించే గ్యాస్) కలిసి పని కానిచ్చేవి. తర్వాత కొందరు కార్బైడ్‌కి దిగారు. దాన్ని మన దేశంలో నిషేధించారు, దాంట్లోంచి వచ్చే గ్యాస్‌తో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లూ వస్తాయని. ఇప్పుడు ఎథిలీన్ గదులొచ్చాయి. ఎడిసన్ అపార్ట్‌మెంట్‌లో కుంపటి పెడితే ఫైరింజనే వస్తుంది. కాబట్టి పచ్చివి కూడా కొని నాలుగు చోట్ల పెట్టి చూశాను.

బియ్యం బస్తాలో దూర్చినవి తొందరగా పసుపెక్కాయి, అయిదు రోజుల్లో. కానీ ఒకదాని కాడ దగ్గర తెల్ల బూజు పట్టింది. బియ్యం జల్లెడ పట్టాల్సి వచ్చింది, నాకు ఓపిక లేదు. హీటర్ గాలి వచ్చే చోట, అలమర మీద పెట్టినవి తమాషా చేశాయి. చలికాలం ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసుగా, తొక్క ముడతలు పడి ఎండిపోయింది, లోపల పిండి పిండిగానే ఉంది. చూడ్డానికి నల్లగా ఉండి మోసం చేసింది. కాగితం సంచిలో ఒక ఆపిల్‌తో కలిపి, ఫ్రిజ్ పైన పెట్టినవి గెలిచాయి. ఆపిల్ ఎథిలీన్ వదులుతుంది, సంచి దాన్ని పట్టి ఉంచుతుంది, కాగితం కాబట్టి చెమ్మ బయటికి పోతుంది. ప్లాస్టిక్ కవరు వద్దు, నీళ్లు పట్టి కుళ్లుతుంది. పచ్చివి పసుపెక్కడానికి నాలుగైదు రోజులు, నల్లబడడానికి ఇంకో నాలుగు. ఆపిల్ లేకుండా వంటింటి గట్టు మీద వదిలేసినవి రెండు వారాలు తీసుకున్నాయి.

అన్నట్టు, మన బొంత, ఈ ప్లాంటైన్ ఒకటి కావు. దీనికి దగ్గర చుట్టం కేరళ నేంద్రం. తొక్క మందం, అంచులు పలకలుగా ఉంటాయి, పండినా పిండి కొంత మిగిలి ఉంటుంది. అందుకే కర్పూర పండు లెక్క దీనికి పనికిరాదు. పసుపు రాగానే తినేద్దాం అనుకుంటే నోరంతా వగరు. పచ్చ అరటి పండినా పచ్చగానే ఉంటుందని తెలిసినదాన్ని, రంగు నమ్మకూడదని నాకే గుర్తు లేకపోయింది.

శనివారానికి పెద్దాయన ఇచ్చిన నాలుగూ సరిగ్గా అయ్యాయి. తొక్క చేత్తో రాలేదు, చాకుతో పొడుగునా గీత పెట్టి విప్పాను. లోపల ముదురు పసుపు, కాస్త గులాబీ రంగు కూడా. బొటనవేలు మందాన ఏటవాలుగా కోసి, సన్నటి సెగ మీద, వేరుశనగ నూనెలో. మంట పెంచితే చక్కెర మాడిపోతుంది, ఆ తప్పు మొదటి వాయికే చేశాను. నెమ్మదిగా వేగితే అంచులు బెల్లం పాకంలా ముదురుతాయి, మధ్యలో హల్వాలా జారుతుంది. పైన చిటికెడు ఉప్పు. వాళ్లు నల్ల బీన్సు, అన్నంతో తింటారు. మేం ముద్దపప్పు, ఆవకాయతో తిన్నాం. మావారు ఏం మాట్లాడకుండా మూడోసారి పెట్టించుకున్నారు. మావాడి లంచ్ బాక్సు సోమవారం ఖాళీగా వచ్చింది.

మిగతా కొట్టు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. యూకా (కర్రపెండలం) దుంపలు బావుంటాయి, మైనం పూత గీకాలి. కొత్తిమీర వాడిపోయి ఉంటుంది. చేపల వైపు నేల తడి, జారుతుంది. బిల్లు ఇస్తారు, సంచి మనదే.

అయిదుకి నాలుగున్నర. చలికాలంలో వెళ్తే ముందు వెనక తలుపు వైపు చూడండి, తీసి ఉంటే ఆ పక్కనున్న పెట్టెల్లోవి ముట్టుకోకండి. కొన్న తర్వాత డిక్కీలో వద్దు, సీటు మీద పెట్టుకుని నేరుగా ఇంటికి రండి. మూడో తొట్టిలోవి ఆ రోజే వండేట్టయితే తప్ప వద్దు. పింటోన్ తీసుకోండి. పెద్దాయన పొద్దున పూట ఉంటాడు, పదిలోపు. ఎప్పటికి కావాలో చెబితే చాలు, ఆయనే ఏరి ఇస్తాడు. ప్రస్తుతం మా ఫ్రిజ్ మీద సంచిలో మూడున్నాయి, మావాడు మార్కర్‌తో ఒక్కోదాని మీద ఒక్కో వారం పేరు రాశాడు. గురువారంది ఇవాళే మెత్తబడింది.