ఇంటి టార్గెట్‌కి సెకండ్‌హ్యాండ్ ఎయిర్ రైఫిల్ కొంటున్నారా? చెరువు గట్టు గన్‌లతో జాగ్రత్త

మొగల్తూరు, నరసాపురం, అల్లవరం వైపు రొయ్యల చెరువుల మీద కొంగల్ని తోలడానికి ఏళ్ళ తరబడి వాడి, ఉప్పుగాలికి బాగా తుప్పు పట్టిన ఎయిర్‌గన్‌లు కొత్త వేషంలో అమ్మకానికొస్తున్నాయి. బ్యారెల్‌కి నల్ల స్ప్రే, బట్‌కి వార్నిష్ కొట్టి, "ఇంట్లోనే టార్గెట్‌కి వాడిందండి, డబ్బా పెల్లెట్లు కూడా అవ్వలేదు" అంటారు. (కొంగని కొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. అది వేరే సంగతి.)

బేరం డెమోతో మొదలవుతుంది. చెక్క మీద ఒకటి పేలుస్తారు. ధడేల్‌మంటుంది, గొట్టం చివర సన్నగా పొగ, కాలిన నూనె వాసన. "పవర్ చూశారా!" అంటారు. అది పవర్ కాదు. పిస్టన్ గదిలోకి ముందే నాలుగు చుక్కల నూనె పోసి ఉంచారన్నమాట. పిస్టన్ దూసుకొచ్చి గాలిని నొక్కేసరికి ఆ వేడికి నూనె అంటుకుంటుంది. అరిగిపోయిన వాషర్ (పిస్టన్ పక్కనించి గాలి పోకుండా ఆపేది) సంగతి ఆ చప్పుడులో కొట్టుకుపోతుంది. పైగా ఇలా పేలిన ప్రతిసారీ వాషరూ స్ప్రింగూ ఇంకాస్త దెబ్బతింటాయి. అందుకని వరసగా ఇరవై పెల్లెట్లు కొట్టించండి. నూనె కాలిపోయాక చివరి అయిదూ మొదటి అయిదుకంటే కిందికి జారుతుంటే లోపల సరుకు అయిపోయినట్టే. పేల్చేటప్పుడు బ్యారెల్ మడిచే కీలు దగ్గర, బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) సందు మీద, చిన్న టిష్యూ ముక్క ఉంచండి. అది ఎగిరితే గాలి అక్కడే పోతోంది.

వాషర్, స్ప్రింగ్, బ్రీచ్ సీల్ మార్చుకోవచ్చు. బ్యారెల్ పోతే మాత్రం గన్ పోయినట్టే, కాబట్టి అసలు పరీక్ష దానికే. గన్ ఖాళీగా ఉందని చూసుకుని, కాక్ చేయకుండా (స్ప్రింగ్ బిగించకుండా) బ్యారెల్ కొద్దిగా మడవండి. నైలాన్ గాలం తాడుకి తెల్ల కాటన్ గుడ్డ ముక్క కట్టి బ్రీచ్ వైపు నుంచి లాగండి. మొదటి గుడ్డకి నల్లగా సీసం అంటడం మామూలే. మూడో గుడ్డకీ ఇటికరంగు దిగుతుంటే లోపల పెల్లెట్‌ని తిప్పే మెలికల గాళ్ళని తుప్పు తినేసినట్టు. కాగితం మీద కూడా తెలుస్తుంది: రంధ్రం గుండ్రంగా కాకుండా పొడుగ్గా చీలినట్టు పడితే పెల్లెట్ తిరక్కుండా అడ్డంగా వెళ్తోందని అర్థం.

ట్రిగ్గర్ కొక్కెం (బిగించిన స్ప్రింగ్‌ని పట్టి ఆపేది) అరిగిన గన్ చేతికే ప్రమాదం. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్ గట్టిగా పట్టుకునే ఉండాలి, లేకపోతే అది జారి మూసుకుందంటే వేలు నలుగుతుంది. పెల్లెట్ పెట్టి, ఇసక మూట వైపు గురిపెట్టి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా బట్ మీద అరచేత్తో తట్టండి. పేలిందా, అక్కడే వదిలేసి వచ్చేయండి.

ఇక "1200 ఎఫ్‌పీఎస్" (సెకనుకు 1200 అడుగుల వేగం) అని అమ్మేవాళ్ళు చెప్పే మాట. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేని ఎయిర్‌గన్‌కి బోరు (గొట్టం లోపలి వ్యాసం) 0.177 అంగుళాలు, శక్తి 20 జౌళ్ళు దాటకూడదు. 0.53 గ్రాముల మ్యాచ్ పెల్లెట్‌కి సుమారు 900 ఎఫ్‌పీఎస్ దగ్గరే ఆ 20 జౌళ్ళు వచ్చేస్తాయి. 1200 అంటే 35 జౌళ్ళ పైమాటే. అంటే అబద్ధమైనా చెప్తున్నారు, లేదా లైసెన్స్ కావాల్సిన గన్ అంటగడుతున్నారు. పది మీటర్ల మ్యాచ్ (పోటీ) రైఫిళ్ళు సెకనుకు 175 మీటర్ల వేగం దగ్గరే, అంటే సుమారు 8 జౌళ్ళతోనే పని కానిస్తాయి. ఇంటికి అంతకంటే ఎందుకు? 0.22 బోరు అయితే లైసెన్స్ తప్పదు. బిల్లు లేకపోయినా, నంబరు గీకేసి ఉన్నా బేరం ఆడకండి.

గన్‌తో పాటు "ఫ్రీ" అని ఇచ్చే ఉక్కు గుళ్ళు ఇంట్లో అస్సలు వాడొద్దు. సీసం పెల్లెట్ తగిలితే చితుకుతుంది, ఉక్కు గుండు తిరిగి కంటికొస్తుంది, గాళ్ళనీ గీకుతుంది. బల్లపరుపు తల పెల్లెట్లే కొనండి, కాగితం మీద శుభ్రంగా గుండ్రటి రంధ్రం పడుతుంది. పల్చని రేకు పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లని ఆపే పెట్టె) కూడా వద్దు, నొక్కు పడి వెనక్కి తంతుంది. 3 మి.మీ. ఉక్కు పలకని ఏటవాలుగా బిగించిన పెట్టె నయం. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి. కింద పడ్డ సీసం పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

గన్‌తో వచ్చే ఫోమ్ బ్యాగ్ మోయడానికి మాత్రమే. వానాకాలం తేమనంతా ఫోమ్ పీల్చి పట్టుకుంటుంది. ఇంటికి రాగానే గన్ బయటికి తీసి, చెమట తుడిచి, పైన పల్చగా నూనె రాసి, పిల్లలకి అందకుండా గాలి తగిలేచోట తాళం వేసి పెట్టండి.