ఐదేళ్ల తర్వాత ఎంతొస్తుంది? క్రెటా కొనే ముందు మేం వేసుకున్న లెక్క

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకి లెక్కలు రాస్తాను. ఏటా మార్చి నెలాఖరున మిల్లు బండ్ల మీద 15 శాతం డిప్రిసియేషన్, అంటే తరుగు, వేయడం నా పనే. ప్రతి ఏడూ మిగిలిన విలువ మీదే వేస్తాం కాబట్టి 20 లక్షల బండి ఐదేళ్లకు పుస్తకాల్లో 9 లక్షల లోపుకి దిగిపోతుంది. ఇన్సూరెన్స్ వాళ్ల పట్టిక వేరు. ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే వాళ్లు కట్టిచ్చే విలువ, దాని కోసం మొదటి ఆరు నెలలకు 5 శాతం, ఏడాదికి 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, అలా ఐదేళ్లకు 50 శాతం తీసేస్తారు. అమ్మబోతే బయట పలికే రేటు ఈ రెండింటి మాటా వినదు. పైగా నాలాంటి జీతగాళ్ల సొంత కారుకి పుస్తకాల డిప్రిసియేషన్‌తో పన్నులో పైసా కలిసిరాదు. అందుకే ఇంటికి కారు తీసుకునేటప్పుడు బయటి రేటునే పట్టుకుని కూర్చున్నాను.

ఇంట్లో ఐదుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. అడిగిన ప్రతివాళ్లూ స్కార్పియో ఎన్ డీజిల్ తీసుకోమన్నారు. "అన్నా, మన నల్లగొండ జిల్లాల దాని రీసేల్‌కు తిరుగే లేదు" అన్నాడు పాత కార్లు అమ్మిపెట్టే తమ్ముడు. అతని మాట నిజమే. గట్టి బండి, గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ల క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు, పల్లెల్లో గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. కాకపోతే రీసేల్‌ని అందరూ శాతంలో చెబుతారు, మన జేబులోంచి పోయేది రూపాయల్లో.

లెక్క ఇలా వేశాను. మాకు కావలసిన హంగులతో ఆ పెద్ద బండి స్కార్పియో ఎన్ ఆన్‌రోడ్ 22 లక్షలు అనుకుందాం. ఐదేళ్లకు 55 శాతం నిలబడిందనుకున్నా 12 లక్షల చిల్లర చేతికొస్తుంది, దాదాపు 10 లక్షలు పోతాయి. మేం చూసిన రెండో బండి హ్యుందాయ్ క్రెటా పెట్రోల్ మధ్య వేరియంట్ 17 లక్షలు, నిలిచేది 50 శాతమే అనుకున్నా పోయేది ఎనిమిదిన్నర. శాతంలో ఓడిన బండి రూపాయల్లో గెలిచింది. ఆ పైన అదనపు 5 లక్షల లోన్ మీద వడ్డీ ఉండనే ఉంది. 55, 50 అనేవి నా అంచనాలు, మీ ఊళ్లో అడిగి మీవి వేసుకోండి. లెక్క తీరు మాత్రం మారదు.

ఎన్నేళ్లు ఉంచుకుంటామన్నది ఇంకా పెద్ద విషయం. అదే క్రెటాను పదేళ్లు వాడి 4 లక్షలకు అమ్మినా ఏడాదికి పోయేది లక్షా 30 వేలు. ఐదేళ్లకే మారిస్తే ఏడాదికి లక్షా 70 వేలు. మూడేళ్లకోసారి బండి మార్చే అలవాటున్నవాళ్లకు రీసేల్ పేరు ముఖ్యం. మేం పదేళ్లు ఉంచుకునే రకం, మాకు సీటు ముఖ్యం.

ఇంకో మాట. పాత బండి రేటు మనం కొన్న ధరను బట్టి ఉండదు, ఈరోజు షోరూమ్‌లో కొత్తది ఎంతకొస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారింది. పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం ఉన్న పన్ను 40కి దిగింది. మా సేటు అంతకు కొన్ని వారాల ముందే పెద్ద బండి తీసుకున్నాడు. కొత్తవాటి ధరలు తగ్గేసరికి, ఒక్క గీత కూడా పడని ఆ బండి విలువ ఇంటి ముందు నిలబడే తగ్గిపోయింది. దీన్ని మనం ఆపలేం గానీ, ఖరీదైన బండికి ఈ దెబ్బ కూడా పెద్దదిగానే తగులుతుంది.

ఆన్‌రోడ్ ధరలో తిరిగి రాని డబ్బు ఎంతో చూసుకోండి. మన తెలంగాణలో 10 లక్షలు దాటిన కారుకి లైఫ్ ట్యాక్స్ ధరలో ఆరో వంతు పైనే. అమ్మినప్పుడు కొనేవాడు దాన్ని విడిగా లెక్కగట్టి ఇవ్వడు. మాది కృష్ణ ఒడ్డు. వాడపల్లి వంతెన దాటితే పల్నాడు. అటువాళ్లు బండి అడిగితే ఇక్కడి ఆర్టీవో దగ్గర అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌వోసీ) తీసుకుని అక్కడ మళ్లీ ట్యాక్స్ కట్టాలి కాబట్టి ఆ మేరకు బేరం తగ్గిస్తారు. పేరు మీద ఇప్పటికే కారు ఉంటే రెండోదానికి ఇంకో 2 శాతం పడుతుంది, కాబట్టి పాతది ముందు వేరేవాళ్ల పేరు మీదికి మార్చేయండి. 10 లక్షలు దాటితే డీలర్ మన ఇన్‌కమ్ ట్యాక్స్ కింద ముందే పట్టే 1 శాతం టీసీఎస్ మాత్రం మనదే, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది.

మేం వెళ్లిన ఒక షోరూమ్‌లో మ్యాట్లు, సీటు కవర్లు, కోటింగ్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఒకే కాగితం మీద రాసిచ్చారు. విడివిడిగా రాయమంటే ముఖం మాడ్చుకున్నారు. నాకు కోపం వచ్చింది. జీతం డబ్బుతో కొనేవాడికి ఏది దేనికి కడుతున్నాడో తెలియాలి. ఇన్సూరెన్స్ బయట తీసుకునే హక్కు మనకుంది. ఆ కోటింగ్‌కి ఐదేళ్ల తర్వాత ఎవడూ రూపాయి ఇవ్వడు. టాప్ వేరియంట్ సంగతీ ఇంచుమించు అంతే. కొత్తలో లక్షల తేడా, పాతబడ్డాక వేలల్లోకి వస్తుంది.

చివరికి తేల్చింది అమ్మ మోకాళ్లు. పెద్ద బండి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, పైనున్న పిడి పట్టుకుని, మళ్లీ దిగింది. "ఇది ఎక్కుడు నాతోని గాదు బిడ్డా" అంది. క్రెటాలో నడుము ఎత్తుకి సీటు, కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంది, అంతే. వెనక ముగ్గురు కూర్చోవచ్చు, 433 లీటర్ల డిక్కీలో మట్టపల్లి వెళ్లొచ్చే సామానంతా పడుతుంది. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్ 115 పీఎస్, ఊళ్లో నున్నగా నడుస్తుంది. ఐదుగురితో అద్దంకి రోడ్డు మీద లారీ దాటాలంటే గేరు తగ్గించాల్సిందే, టర్బో దూకుడు ఆశించకండి. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లు డీజిల్ చూసుకోవాలి. మా తిరుగుడికి డీజిల్ కోసం పెట్టే అదనపు డబ్బు తిరిగి రాదు.

రంగు తెలుపే తీసుకున్నాం. ఎండకు మంచిది, అమ్మేటప్పుడూ మొదట అడిగేది అదే. మా ఊళ్లో మిల్లుల ఊక బూడిద తెల్లారేసరికి బానెట్ మీద నల్లగా పేరుకుంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే పెయింట్ మీద సన్నటి గీతలు పడతాయి. ముందు నీళ్లు కొట్టి బూడిద జారిపోయాకే తుడుస్తున్నాం. సర్వీస్ బిల్లులన్నీ మొదటి దగ్గర్నుంచీ ఒకే ఫైల్లో పెడుతున్నాను.