పాత విద్యార్థుల కార్తీకం: భవానీ ద్వీపం బోటు షికారు

లయోలాలోనో, మారిస్ స్టెల్లాలోనో చదివి ఏళ్ల తర్వాత బెజవాడ వచ్చేవాళ్లకు కార్తీకమే అదను. ఎండ మెత్తబడుతుంది, కృష్ణమ్మ నిండుగా ఉంటుంది. నది మధ్యలోని భవానీ ద్వీపానికి పున్నమి ఘాట్, బెర్మ్ పార్క్ వైపు నుంచి బోటెక్కాలి. ద్వీపం 133 ఎకరాలు. ఒక్క పూటలో నింపాదిగా తిరగొచ్చు. నీళ్ల మీంచి ఇంద్రకీలాద్రిని చూడటానికైనా ఈ షికారు చేయాలి, అంత బాగుంటుంది.

చిక్కల్లా వరదతోనే. ఎగువనున్న పులిచింతల ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలితే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. ప్రవాహం వడి పెరగ్గానే బోట్లు ఆపేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదొచ్చి ద్వీపమే మునిగింది. అందుకే రైలు టికెట్లు కొన్నా, బయల్దేరే ముందురోజు బోట్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి. దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, కారులో ఘాట్ల వైపు రావద్దు. కార్తీక ఆదివారాలు వనభోజనాల రద్దీ. మామూలు రోజు పొద్దున్నే మేలు.

లైఫ్ జాకెట్ తొడుక్కుంటే చాలదు, బకిల్స్ బిగించాలి. పిల్లలకు పెద్దవాళ్ల సైజు ఇస్తే తీసుకోవద్దు, నీళ్లలో పడితే పైకి జారిపోతుంది. తిరుగు ప్రయాణపు ఆఖరి బోటు ఎన్నింటికో దిగేటప్పుడే అడగండి.

సాయంత్రం నది అవతలి ఒడ్డున ఉండవల్లి గుహలు చూడండి. ఒకే రాతిలో తొలిచిన శయన విష్ణువు ముందు కాసేపు నిలబడాల్సిందే. బ్యారేజీ మీదికి భారీ వాహనాలను రానివ్వరు. బస్సు మాట్లాడుకున్న బృందాలు కనకదుర్గ వారధి మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి.