యూట్యూబ్‌లో మూడు టైటిళ్లు పెట్టి తేల్చుకునే ఏ/బీ టెస్టింగ్ ఎలా ఉంది? ఒక వంటల ఛానల్ నుంచి రివ్యూ

మా పిన్ని వంటల ఛానల్‌కి టైటిళ్లు పెట్టే పని నాది. పిన్ని వండుతుంది, బాబాయి తీస్తాడు, ఎడిటింగ్ అయ్యాక వీడియో నా దగ్గరికొస్తుంది, ఇక అక్కణ్ణుంచి ఇంట్లో టైటిల్ మీద చర్చ మొదలు. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు, చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల టైటిలే పెట్టేవాళ్లం. ఆ చర్చని ఇంట్లోంచి తీసి చూసేవాళ్ల చేతికి ఇచ్చిందే ఈ ఏ/బీ టెస్టింగ్. థంబ్‌నెయిళ్లకి, అంటే వీడియో నొక్కకముందు కనిపించే బొమ్మలకి, ఇది 2024లోనే వచ్చింది, టైటిళ్లకి కూడా ఇస్తామని యూట్యూబ్ 2025 సెప్టెంబర్‌లో ప్రకటించింది. టైటిళ్ల వరకు చూస్తే నేను దీనికి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను.

పనిచేసే తీరు సింపుల్. ఒకే వీడియోకి మూడు టైటిళ్ల వరకు ఇవ్వొచ్చు. యూట్యూబ్ ఒక్కో టైటిల్‌ని కొంతమందికి చూపిస్తూ పోతుంది, రెండు వారాల లోపు ఏది గెలిచిందో చెబుతుంది. అయితే గెలుపు అనేది ఎంతమంది నొక్కారన్న లెక్క మీద తేలదు, ఏ టైటిల్ చూసి వచ్చినవాళ్లు వీడియోని ఎక్కువసేపు చూశారన్న లెక్క మీద తేలుతుంది. నాకు ఈ టూల్ ఇంతగా నచ్చడానికి కారణం అదే. నొక్కించడం ఒక్కటే కావాలంటే "షాక్ అవుతారు", "ఇన్నాళ్లూ ఈ విషయం తెలియక" లాంటివి పెట్టేసి కూర్చోవచ్చు, కానీ అలా వచ్చినవాళ్లు లోపల షాక్ అయ్యే విషయమేమీ లేదని అర నిమిషంలోనే కనిపెట్టి వెళ్లిపోతారు, అప్పుడు మొత్తం చూసిన సమయంలో ఆ టైటిల్ వాటా పడిపోతుంది. అంటే ఇక్కడ గెలవాలంటే టైటిల్‌లో ఇచ్చిన మాట వీడియోలో నిలబెట్టుకోవాలి.

గోంగూర నిల్వ పచ్చడి వీడియో సంగతి చెబుతాను. మేం పెట్టిన మూడు టైటిళ్లు ఇవి: "అసలైన ఆంధ్ర గోంగూర పచ్చడి", "గోంగూర పచ్చడి ఒక్కసారి ఇలా చేస్తే మళ్లీ మళ్లీ చేస్తారు", "బూజు పట్టకుండా ఏడాదంతా నిల్వ ఉండే గోంగూర పచ్చడి". పిన్నికి మొదటిది ఇష్టం, బాబాయికి రెండోది. మూడోది గెలిచింది. ఎందుకు గెలిచిందో టూల్ చెప్పదు, అది మనమే ఆలోచించుకోవాలి. నాకు అర్థమైందేమిటంటే, గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు, వాళ్ల టెన్షనంతా జాడీలో పెట్టిన పచ్చడి వానాకాలం దాటుతుందా లేదా అన్నదే. మా పాత వీడియోల కింద అడిగినవాళ్లు కూడా సరిగ్గా ఈ మాటతోనే అడిగారు: "బూజు పడుతోందమ్మా, ఏం చెయ్యాలి?" మూడో టైటిల్‌లో ఉన్నది వాళ్ల మాటే.

ఇంకోటి కూడా కలిసొచ్చింది. వీడియో మొదట్లోనే పిన్ని కడిగిన ఆకుని బట్ట మీద పరిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, ఒక గుప్పెడు తీసి నలిపి చూపిస్తుంది. "చేతికి తడి తగిలిందంటే ఇంకా ఆరలేదని లెక్క, ఆ ఆకు వేస్తే పచ్చడి పాడైపోద్ది" అంటుంది. టైటిల్ చూసి వచ్చినవాళ్లకి కావలసింది మొదటి నిమిషంలోనే దొరికింది, అందుకే ఆగారని నా నమ్మకం. "మళ్లీ మళ్లీ చేస్తారు" అన్న టైటిల్ నుంచి వచ్చినవాళ్లకి అలా దొరికేదేముంది? ఆ మాట ఏ వంటకైనా అతుకుతుంది.

కాబట్టి వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒకే టైటిల్‌ని మూడు రకాలుగా తిప్పి రాసి పరీక్ష పెడితే "పెద్ద తేడా లేదు" అనే వస్తుంది, రెండు వారాలు దండగ. మూడు టైటిళ్లూ మూడు వేర్వేరు అవసరాలు పట్టుకోవాలి. ఒకటి నిల్వ గురించి, ఒకటి రుచి గురించి, ఒకటి త్వరగా అయిపోవడం గురించి, అదీ వీడియోలో ఆ మూడూ నిజంగా ఉంటేనే. లేనిది రాయకండి. యూట్యూబ్ 2024 డిసెంబర్‌లో మన దేశంలో వీడియోలో లేని విషయాన్ని టైటిల్‌లో, థంబ్‌నెయిల్‌లో చెప్పేవాళ్ల మీద, ముఖ్యంగా వార్తలకి సంబంధించిన వీడియోల మీద, చర్యలు గట్టి చేస్తామని చెప్పింది. వాళ్లు చెప్పినా చెప్పకపోయినా, నమ్మి నొక్కినవాళ్ల టైమ్ తినెయ్యడం అన్యాయం.

తెలుగు టైటిళ్లకి ప్రత్యేకంగా ఉన్న ఇబ్బందులు రెండు, వీటికి ఏ టూలూ సాయం చెయ్యదు. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది, ఫోన్‌లో పొడుగు టైటిల్ మధ్యలో తెగి చుక్కలు పడతాయి, దాంతో అసలు సంగతి ఆ చుక్కల్లో పోతుంది. అందుకే "బూజు పట్టకుండా" అన్నది ముందుకి తెచ్చాం, ఎక్కడ తెగినా విషయం తెలుస్తుంది. రెండోది అక్షరాల లెక్క. టైటిల్‌కి 100 క్యారెక్టర్లే హద్దు, కానీ మన ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అని రాస్తే కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు. పైగా మనవాళ్లలో చాలామంది వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేస్తారు కాబట్టి వంట పేరు ఆ లిపిలో కూడా ఒకసారి పెట్టాలి, అదీ వంద లోపే. వంట పేరు తప్ప ఇంకేదీ రెండుసార్లు రాయొద్దని నా సలహా.

టైటిల్‌కి వందకి ఇన్ని అని స్కోర్ ఇచ్చే సైట్లు కూడా కొన్ని ఉన్నాయి. పేరు చెప్పను గానీ ఒకదాంట్లో తెలుగు టైటిళ్లు వేసి చూశాను. ఇంగ్లీషు మాటల లెక్క మీద తయారైనది, మన భాషకి ఏమీ చెప్పలేకపోయింది. డబ్బు పెట్టి తీసుకోవద్దు.

ఇక ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, చిన్న ఛానళ్లకి దీంతో ఫలితం తేలడం కష్టం. వ్యూస్ చాలకపోతే ఏదీ గెలవలేదని చెప్పి మనం మొదట ఇచ్చిన టైటిల్‌నే ఉంచేస్తుంది, కాబట్టి మీకు బాగా నమ్మకమున్నదాన్నే మొదటి గడిలో పెట్టండి. పరీక్ష నడుస్తుండగా టైటిల్ మార్చారంటే అది అక్కడితో ఆగిపోతుంది, ఇంట్లో ఎవరికీ చెయ్యి ఊరుకోకపోతే ముందే చెప్పి ఉంచండి. కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో (ఛానల్ నడిపేవాళ్ల పేజీ) తెరిచి చేసుకునే పని ఇది, మా పిన్నిలాగా అంతా ఫోన్‌లోనే చూసుకునేవాళ్లకి ఇంకొకరి సాయం కావాలి. పండగ వీడియోలకి అసలు పనికిరాదు, ఉగాది పచ్చడికి ఏ టైటిల్ మంచిదో తేలేసరికి ఉగాది వెళ్లిపోతుంది. నిల్వ పచ్చళ్లు, పొడులు, ఇడ్లీ పిండి లాంటి ఏడాది పొడవునా వెతికేవాటికి పెట్టుకోండి.

కొత్త వీడియో కోసం ఆగనక్కర్లేదు, పాతవాటికీ ఇది పెట్టొచ్చు. మీ ఛానల్‌లో ఇప్పటికీ రోజూ ఎంతోకొంతమంది చూస్తున్న పాత వీడియో ఒకటి తీసుకుని, దాని కింద జనం అడిగిన ప్రశ్నలు చదివి, ఎక్కువమంది అడిగినదాన్ని వాళ్ల మాటల్లోనే రెండో టైటిల్‌గా రాసి ఈ వారమే మొదలుపెట్టండి.