జీవ్స్ అండ్ వూస్టర్: ముందు చూడాలా, ముందు చదవాలా?

పి.జి. వుడ్‌హౌస్ హాస్యకథల జోలికి కొత్తగా వెళ్లేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఇది. ఆ కథల ఆధారంగా బ్రిటన్‌లోని ఐటీవీ 1990 నుంచి 1993 వరకు ప్రసారం చేసిన 'జీవ్స్ అండ్ వూస్టర్' ముందు చూడాలా, పుస్తకం ముందు పట్టాలా? పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎప్పుడూ "ముందు చదువు, తర్వాత చూడు" అంటారు. ఈ కథల విషయంలో మాత్రం దానికి తలకిందులుగా చేయడమే మేలు. ముందు చూడండి, తర్వాత చదవండి. ఒక్క ఘట్టానికి మాత్రం మినహాయింపు ఉంది.

ఎందుకంటే, ఇక్కడ కథ ముందే తెలిసిపోతే నష్టం లేదు. బెర్టీ వూస్టర్ డబ్బున్నవాడు, మంచివాడు, బుర్ర మాత్రం అంతంతమాత్రం. స్నేహితుల ప్రేమ వ్యవహారాల్లోనో, మేనత్తలు అప్పగించిన పనుల్లోనో ఇరుక్కుంటాడు. అతని దగ్గర పనిచేసే జీవ్స్ బయటపడేస్తాడు. చివరికి అంతా సర్దుకుంటుందని మొదటి పేజీలోనే తెలుసు. నవ్వు పుట్టేది బెర్టీ ఆ సంగతి చెప్పే తీరులో. బారిస్టర్ పార్వతీశం తన కథ తానే చెప్పకుండా మరెవరో చెబితే ఎంత మిగులుతుంది? ఇక్కడా అంతే. దాదాపు అన్ని కథలూ బెర్టీయే చెబుతాడు. బడిలో నేర్చి సగం మరిచిపోయిన షేక్స్‌పియర్, బైబిలు ముక్కలు, క్లబ్బు కుర్రాళ్ల యాస, ఎక్కడో మొదలై మరెక్కడో తేలే పోలికలు, అన్నీ కలగలిసిన గొంతు అది.

సీరియల్‌లో ఆ గొంతు వినిపించదు. స్క్రిప్టు రాసిన క్లైవ్ ఎక్స్‌టన్ తెరవెనుక నుంచి బెర్టీ చేత కథ చెప్పించలేదు. కొన్ని మంచి వాక్యాలను బెర్టీ, జీవ్స్ సంభాషణల్లో సర్దాడు, మిగతావి వదులుకున్నాడు. ముందు చదివినవాళ్లకు చూస్తున్నంతసేపూ ఆ పోయిన వాక్యాలే గుర్తొస్తాయి. ముందు చూసినవాళ్లకైతే పుస్తకం తెరవగానే తెలిసిన మనుషులే ఎదురవుతారు, పైగా తెర మీద దొరకని వాక్యాలన్నీ కొత్తగా చేతికందుతాయి.

ఇంకో కారణం పేర్లు. గస్సీ ఫింక్-నాటిల్, టప్పీ గ్లాసప్, బింగో లిటిల్, బార్మీ ఫాదరింగే-ఫిప్స్... తొలిసారి చదువుతుంటే ఎవరు ఎవరో తేలదు. న్యూట్లనే చిన్న నీటి జీవులను పెంచుకునే కళ్లజోడు కుర్రాడు గస్సీ అని ఒకసారి తెర మీద చూస్తే ఇక మరిచిపోరు. బెర్టీగా నటించిన హ్యూ లారీ తెల్లబోయిన ముఖం, జీవ్స్‌గా నటించిన స్టీఫెన్ ఫ్రై కనుబొమ కొద్దిగా పైకి లేవడం మనసులో నాటుకుంటే, పుస్తకంలో "వెరీ గుడ్, సర్" అన్న రెండు ముక్కల్లో ఎంత కోపం ఉందో దానంతటదే వినిపిస్తుంది. ఇంగ్లిషు పుస్తకం గడగడా చదవలేని వాళ్లకు ఈ ఆసరా చాలా పెద్దది. ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూడండి, బెర్టీ మాటల వేగం అలాంటిది.

సీరియల్‌తో ఒక చిక్కు ఉంది, ముందే తెలిస్తే మంచిది. నటులు మారిపోతుంటారు. డాలియా అత్తగా నాలుగు సిరీస్‌లలో నలుగురు నటించారు. గస్సీ ప్రేమించే మాడలిన్ బాసెట్‌గా ముగ్గురు కనిపిస్తారు. గస్సీగా మొదటి సిరీస్‌లో రిచర్డ్ గార్నెట్, ఆ తర్వాత రిచర్డ్ బ్రెయిన్. ఈ బ్రెయినే మొదటి సిరీస్‌లో స్టెగిల్స్ అనే పందేల మోసగాడిగా వస్తాడు. అందుకే రెండో సిరీస్ మొదలవగానే "వీడు వాడు కదా" అని తికమక పడతారు. ముఖాన్ని వదిలి పేరు పట్టుకోండి.

ఇక మినహాయింపు. 'రైట్ హో, జీవ్స్' (1934) 17వ అధ్యాయం, మార్కెట్ స్నాడ్స్‌బరీ బడిలో బహుమతుల పంపిణీ. దీన్ని మాత్రం చదివాకే చూడాలి. మందు ముట్టని గస్సీకి ధైర్యం రావాలని బెర్టీ నారింజరసంలో జిన్ కలుపుతాడు. బెర్టీకి తెలియకుండా జీవ్స్ కూడా కలుపుతాడు. గస్సీ అప్పటికే తనంతట తాను విస్కీ పట్టించి ఉంటాడు, ఆ రసం కూడా తాగేసి వేదికెక్కుతాడు. తెర మీద ఇది తాగినవాడి ప్రసంగంగా కనిపిస్తుంది, నవ్వొస్తుంది. పుస్తకంలో ఇందులో సగం బలం హాలు వెనక నిలబడి చూస్తున్న బెర్టీ గుండెదడలో ఉంది. గస్సీ చూపు ఒక్కొక్కరి మీదుగా జరిగి చివరికి తన మీద పడుతుంది. చిన్నప్పుడు బైబిలు పరిజ్ఞానంలో బెర్టీ తెచ్చుకున్న బహుమతి దొంగదని అందరి ముందూ అనేస్తాడు. ఆ ఉత్కంఠ పేజీ పేజీకీ పేరుకుంటూ వస్తుంది. అందుకే మొదటి సిరీస్‌లోని 5 ఎపిసోడ్లలో మొదటి 3 చూసి ఆగండి. ఈ నవల మొత్తం చదివి, అప్పుడు 4, 5 చూడండి.

అలాగని పుస్తకానిదే ఎప్పుడూ పైచేయి కాదు. 'థాంక్యూ, జీవ్స్'లో జీవ్స్ ఉద్యోగం మానేసేది బెర్టీ బాంజోలెలె అనే చిన్న తీగవాద్యం వాయింపు భరించలేక. సీరియల్‌లో దాన్ని ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదుడు వాద్యం చేశారు. చెవికి ఎంత హింసో అక్షరాల్లో ఊహించుకోవాలి, ఇక్కడ నేరుగా వినిపిస్తుంది. హ్యూ లారీ స్వయంగా పియానో వాయిస్తూ పాడిన 'మిన్నీ ద మూచర్', ఆన్ డడ్లీ కూర్చిన జాజ్ సంగీతం ఏ పేజీలోనూ దొరకవు. నల్ల నిక్కర్ల దళనాయకుడు స్పోడ్ మరో ఉదాహరణ. ఆనాటి ఫాసిస్టు నాయకుడు ఆస్వాల్డ్ మోస్లీకి వ్యంగ్యరూపం అతను. 'ద కోడ్ ఆఫ్ ది వూస్టర్స్' (1938)లో అతని దళం గురించి వినడమే ఎక్కువ, సీరియల్‌లో అతను గుంపు ముందు ఊగిపోతూ ఉపన్యసించడం కళ్లారా చూస్తాం. ఈ నవలకు రెండో సిరీస్ తొలి 2 ఎపిసోడ్లు జత. వెండి ఆవు బొమ్మలాంటి మీగడ పాత్ర కోసం జరిగే ఆ దొంగతనం గొడవ అంతటి చిక్కుముడిని చదివేముందు చూడటమే సుఖం. 'థాంక్యూ, జీవ్స్'లోనూ దాని ఎపిసోడ్లలోనూ నల్లజాతివాళ్లలా కనిపించేందుకు ముఖానికి నల్లరంగు పూసుకునే వేషం ఉంది. ఆ కాలపు అలవాటే గానీ ఇప్పుడు ఇబ్బంది పెడుతుంది, పిల్లలతో చూస్తే దాటేయండి.

మొత్తం 23 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు 50 నిమిషాలు. అన్నీ ఒకే ఎత్తులో ఉండవు. మొదటి రెండు సిరీస్‌లు బంగారం. మూడో సిరీస్‌లో న్యూయార్క్ భాగం నుంచి కథలను అతికించడం ఎక్కువైంది. నాలుగో సిరీస్‌లో జీవ్స్ ఆడవేషం కూడా వేస్తాడు. పుస్తకాల్లోని జీవ్స్ ఎన్నడూ ఆ పని చేయడు. గొంతు పెంచకుండా పని జరిపించడంలోనే అతని గొప్పతనం ఉంది.

ఒక్కసారికి 50 నిమిషాలు ఎక్కువనుకుంటే బీబీసీ తీసిన 'వుడ్‌హౌస్ ప్లేహౌస్' (1975-78) చూడండి. అరగంటకో విడి కథ, మొదటి రెండు సిరీస్‌లలో జాన్ ఆల్డర్టన్, పాలీన్ కాలిన్స్ జంట. మొదటి సిరీస్‌లో కథలను వుడ్‌హౌసే స్వయంగా పరిచయం చేశాడు. ఆయన 1975 ఫిబ్రవరిలో చనిపోయాడు, ఆ మాటలు వినడానికే అది చూడొచ్చు. వుడ్‌హౌస్ రాసిన లార్డ్ ఎమ్స్‌వర్త్ కథల ఆధారంగా 2013లో వచ్చిన 'బ్లాండింగ్స్'లో ఆయన పంది, కోట బాగుంటాయి గానీ గోల ఎక్కువ. కథల్లోని లార్డ్ ఎమ్స్‌వర్త్ అంత హడావిడి మనిషి కాడు.

ఏది చూసినా ఒక పని చేయండి. పాత సీరియళ్లు 4:3 కొలతలో తీసినవి. టీవీ సెట్టింగ్ వెడల్పు చిత్రానికి పెట్టి ఉంటే బొమ్మ సాగి, సన్నటి బెర్టీ లావెక్కిపోతాడు, గదులు సాగినట్టు కనిపిస్తాయి. పిక్చర్ సైజు 4:3కి మార్చి, పక్కల నల్లపట్టీలను అలాగే ఉండనివ్వండి.