సేఫ్టీ కాలేజీనే ముందు తేల్చుకోండి: ఐఐటీ, ఎన్‌ఐటీ, బిట్స్, ఓయూల్లో బాగా చదివే పిల్లలకు ఏది మేలు?

హైదరాబాదులో ఎంపీసీ బాగా చదివే పిల్లలున్న ఇళ్లలో కాలేజీల జాబితా పైనుంచి కిందికి రాస్తారు. ఐఐటీ బాంబే, మద్రాస్, ఢిల్లీ, ఆ తర్వాత ఐఐటీ హైదరాబాద్, ఆ తర్వాత ఎన్‌ఐటీ వరంగల్. అక్కడితో ఆపేస్తారు. "ఇవేవీ రాకపోతే?" అని అడిగితే "మావాడికి ఏదో ఒకటి వస్తుంది లెండి సార్" అంటారు. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడిగా నేను వాళ్లకు చెప్పేది ఒకటే. ఆ జాబితా కిందినుంచి పైకి రాయండి. ఆ 'ఏదో ఒకటి' పేరేమిటో డిసెంబరులోనే తేలిపోవాలి. జూలైలో, వెబ్ ఆప్షన్లకు (ఆన్‌లైన్‌లో కాలేజీలను వరసగా ఎంచుకోవడానికి) రెండు రోజులే గడువున్నప్పుడు, బంధువులు తలా ఒక సలహా ఇస్తున్న టెన్షన్‌లో తేల్చుకునే సంగతి కాదది.

సగటు విద్యార్థి ఇంట్లో ఈ ఇబ్బంది అంతగా ఉండదు. వాళ్లు మొదటినుంచీ పది కాలేజీలు చూసి పెట్టుకుంటారు. బాగా చదివేవాళ్ల ఇంట్లోనే సేఫ్టీ గురించి, అంటే పైవేవీ రాకపోయినా ఖాయంగా సీటొచ్చే కాలేజీ గురించి, మాట్లాడితే పిల్లవాడి మీద నమ్మకం లేనట్టు అనుకుంటారు. అది సరికాదు. ఒక మంచి కాలేజీ ఖాయమని తెలిసిన పిల్లలు పరీక్ష హాల్లో నిబ్బరంగా కూర్చోవడం ఏటా చూస్తున్నాను.

ముందు మీ పిల్లల అసలు స్థాయి తెలియాలి. దానికి గ్రాండ్ టెస్టుల్లో వచ్చిన అత్యధిక మార్కు పనికిరాదు. జేఈఈ మెయిన్ పద్ధతిలో 300 మార్కులకు రాసిన చివరి పది టెస్టుల మార్కులు ఒక కాగితం మీద వరసగా రాయండి. ఉదాహరణకు 221, 207, 203, 198, 194, 188, 183, 176, 169, 158 అనుకుందాం. ఇంట్లో అందరికీ గుర్తుండేది 221. టార్గెట్ కాలేజీలను, అంటే మామూలుగా రాస్తే అందేవాటిని, మధ్యలో వచ్చే 191తో చూడాలి, సేఫ్టీని కింది నుంచి రెండోదైన 169తో చూడాలి. 221కీ 169కీ మధ్య ర్యాంకులో వేల తేడా వస్తుంది. పర్సంటైల్ దగ్గర కూడా చాలామంది పొరబడతారు. మెయిన్ రాసేవాళ్లు 15 లక్షల దాకా ఉన్నప్పుడు 99 పర్సంటైల్ అంటే ముందు దాదాపు 15,000 మంది ఉన్నట్టే. "తొంభై తొమ్మిది వచ్చింది, ఇక వరంగల్ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఖాయం" అనుకోవడానికి లేదు.

తర్వాత కటాఫ్‌లు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే ఉమ్మడి కౌన్సెలింగ్ జోసా వెబ్‌సైటులో ప్రతి కాలేజీకి, బ్రాంచికి, కేటగిరీకి, రౌండుకు ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు ఉంటాయి. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌కు లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ దొరుకుతుంది. ఒక్క ఏడాది చూసి ఊరుకోకండి, మూడేళ్లవి పక్కపక్కన పెట్టి, వాటిలో అన్నిటికంటే కఠినంగా ముగిసిన ఏడాదిని తీసుకోండి. నా లెక్కలో, చెడ్డ టెస్టు రోజున వచ్చే ర్యాంకుకు కూడా ఆ కఠినమైన ఏడాదిలో సీటు వచ్చేదే సేఫ్టీ. మామూలు రోజున వచ్చే ర్యాంకుకు అటూ ఇటూగా ముగిసేది టార్గెట్. మిగిలినవి కలలు. కలలూ జాబితాలో ఉండాల్సిందే, వాటికోసమే చదువుతున్నారు కదా.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్ కోటా కింద ఉంటాయి. ఆ హోమ్ స్టేట్ ఆధార్‌లో ఉన్న చిరునామాను బట్టి రాదు, ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయ్యారో దాన్ని బట్టి వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టి పెరిగిన పిల్లను ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో చేర్పిస్తే, ఆ అమ్మాయికి హోమ్ స్టేట్ ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెం అవుతుంది. వరంగల్లో ఆమె బయటి రాష్ట్రం విద్యార్థి కిందే పోటీ పడాలి. ఎప్‌సెట్ స్థానికత లెక్క వేరు, అక్కడ అంతకుముందు చదివిన ఏళ్లు కూడా చూస్తారు. ఐఐటీల్లో హోమ్ స్టేట్ కోటా అసలు లేదు. కటాఫ్ పట్టికలో తప్పు వరస చూసి నెలల తరబడి లేని ధైర్యంతో ఉండే కుటుంబాలున్నాయి. ముందు మీది ఏ వరసో తెలుసుకోండి.

ఐఐటీలో దొరికిన బ్రాంచా, వరంగల్ సీఎస్ఈయా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఆరేడు వేల ర్యాంకు వచ్చిన పిల్లవాడికి ఏదో ఒక ఐఐటీలో ఏదో ఒక బ్రాంచి వస్తుంది. అదే పిల్లవాడికి మెయిన్ ర్యాంకుతో వరంగల్లో సీఎస్ఈ గానీ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) గానీ అందేలా ఉంటుంది. తల్లిదండ్రులు ఐఐటీ వైపు మొగ్గుతారు, పిల్లలు బ్రాంచి వైపు మొగ్గుతారు.

ఐఐటీ పేరుకున్న బలం నిజమే. చుట్టూ ఉండే తోటి విద్యార్థులు, ల్యాబులు, పై చదువులకు వెళ్లేటప్పుడు దొరికే గుర్తింపు తక్కువవి కావు. అయితే 23 ఐఐటీలూ ఒకటి కావు. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ ఇప్పుడు కందిలో బాగా నిలదొక్కుకుంది, దాని తర్వాత వచ్చినవి కొన్ని ఇంకా స్థిరపడుతున్నాయి. ఇటు వరంగల్ 1959లో ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ)గా మొదలైంది, దాని పూర్వ విద్యార్థులు ఎక్కడ చూసినా ఉన్నారు. ఫీజులోనూ తేడా ఉంది. ట్యూషన్ ఫీజు ఐఐటీలో ఏడాదికి 2 లక్షలు, ఎన్‌ఐటీలో 1.25 లక్షలు. కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే రెండు చోట్లా పూర్తి మాఫీ, 5 లక్షల లోపుంటే మూడింట రెండు వంతులు మాఫీ.

చేరాక బ్రాంచి మార్చుకోవచ్చన్న ఆశతో మాత్రం ఐఐటీ తీసుకోకండి. కొన్ని ఐఐటీలు ఆ వెసులుబాటునే ఎత్తేశాయి.

దీన్ని తేల్చడానికి మా పిల్లలతో ఒక పని చేయిస్తాను. ఆ బ్రాంచి రెండో ఏడాది సబ్జెక్టుల పేర్లు కాలేజీ వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసి చేతికిస్తాను. చదివి, ఏది చూస్తే ఏమనిపించిందో పక్కన పెన్సిలుతో రాయమంటాను. ఒక అమ్మాయి మెటీరియల్స్ సైన్స్ జాబితాలో మూడు సబ్జెక్టుల పక్కన ప్రశ్నలు రాసుకొచ్చింది. ఉక్కును వేడిచేసి చల్లారిస్తే గట్టిదనం ఎందుకు మారుతుంది, బ్యాటరీ ఎందుకు పాడవుతుంది, ఇలాంటివి. ఆ పిల్లకు ఐఐటీ హైదరాబాద్‌లో మెటీరియల్స్ ముందు పెట్టమని చెప్పాను. వాళ్ల నాన్నగారు మొదట ఒప్పుకోలేదు, ఆ ప్రింటు కాగితం చూశాక ఒప్పుకున్నారు. ఇంకొకబ్బాయి కాగితం ఖాళీగా తెచ్చి "కోడింగ్ ఒక్కటే నచ్చుతుంది సార్" అన్నాడు. అతనికి వరంగల్ సీఎస్ఈయే మేలు, అందులో నాకు అనుమానం లేదు. పిల్లవాడికి ఒక్క ప్రశ్న కూడా పుట్టని బ్రాంచిలో నాలుగేళ్లు కూర్చోబెట్టడానికి ఏ పేరూ సరిపోదు.

ట్రిపుల్ ఐటీ హైదరాబాదా, బిట్స్ హైదరాబాదా?

రెండూ మన ఊరివే, రెండూ జోసాలో లేవు. అందుకే చాలామంది గడువు దాటాక గుర్తు తెచ్చుకుంటారు. 1998లో మొదలైన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకి విడిగా దరఖాస్తు చేయాలి. జేఈఈ మెయిన్ ద్వారా ఒక దారి ఉంది, యూజీఈఈ అని వాళ్లు సొంతంగా పెట్టే పరీక్ష ఇంకో దారి. యూజీఈఈ ద్వారా వెళ్తే బీటెక్‌తో పాటు పరిశోధనతో కూడిన ఎంఎస్ కలిపి ఐదేళ్ల కోర్సు. ఆ పరీక్షలో ఒక భాగం సబ్జెక్టు మీద, ఒకటి పరిశోధన ఆసక్తి మీద ఉంటుంది, ఆపైన ఇంటర్వ్యూ. కంప్యూటర్ సైన్స్‌ను లోతుగా చదవాలనుకునేవాళ్లకు దీన్ని నేను చాలా ఐఐటీల కంటే ముందు పెడతాను. సీట్లు తక్కువ కాబట్టి ఎంత బాగా చదివేవాళ్లకైనా ఇది కలల జాబితాలోదే. సేఫ్టీ అసలే కాదు.

శామీర్‌పేట దగ్గరి బిట్స్ క్యాంపస్‌ది వేరే తరహా. వాళ్ల ప్రవేశ పరీక్ష బిట్‌శాట్‌లో మూడు గంటల్లో 130 ప్రశ్నలు, సరైన జవాబుకు 3 మార్కులు, తప్పుకు ఒకటి పోతుంది. వేగం ఉన్నవాళ్లకు అనుకూలం. కులాల రిజర్వేషన్లు లేవు, ఇంటర్ ఎంపీసీలో మొత్తం మీద 75 శాతం ఉండాలి. చదువు బాగుంటుంది, సబ్జెక్టులు ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువ. అసలు ఆలోచించాల్సింది డబ్బు. ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 5 లక్షలు దాటింది, హాస్టల్, మెస్సు అదనం. బ్యాంకు లోను లేకుండా కట్టగలిగినవాళ్లకు మంచి టార్గెట్. ఉన్న స్థలం అమ్మి కట్టాల్సి వస్తే వరంగల్ ఈసీఈ దానికంటే మేలని నేను గట్టిగా చెబుతాను.

సేఫ్టీలో ఏది మేలు?

ఇక్కడ మూడు రకాలున్నాయి: యూనివర్సిటీ క్యాంపస్‌లు, ఊళ్లోని పేరున్న ప్రైవేటు కాలేజీలు, ముందే ఫీజు కట్టించుకునే డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలు.

చివరిదాన్ని చాలామంది సేఫ్టీ అనుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఫోన్ వస్తుంది. ఈ వారంలో కట్టకపోతే సీటు పోతుందంటారు. జోసా అప్పటికింకా మొదలే కాదు. కడతారు, తర్వాత వేరేచోట సీటొస్తే ఆ డబ్బు వెనక్కి రావడానికి తిరగాలి. ఇంట్లోంచి వెళ్లి చదవగలిగే మంచి కాలేజీలు ఇన్ని ఉన్న ఊళ్లో బాగా చదివే పిల్లలకు ఇది ఆఖరి దారి కావాలి. కట్టే ముందు రీఫండ్ నిబంధనలు కాగితం మీద చూడండి.

మిగతా రెండింటికీ ఎప్‌సెట్టే దారి. జేఈఈ పిల్లలు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు, అందులో సగం, అంటే 80, లెక్కలే. ప్రశ్నలు సులువే, కానీ ఒక్కో ప్రశ్నకు నిమిషం మీద కొన్ని సెకన్లే దొరుకుతాయి. అడ్వాన్స్‌డ్ లెక్కను ఇరవై నిమిషాలు తవ్వడానికి అలవాటుపడ్డ పిల్ల ఇక్కడ ముప్పై ప్రశ్నలు ముట్టుకోకుండా లేచొస్తుంది. ఏప్రిల్‌లో మెయిన్ రెండో సెషన్ అవగానే కొన్ని పూర్తి ఎప్‌సెట్ పేపర్లు గడియారం పెట్టుకుని రాయించండి. ర్యాంకు 10,000 లోపుంటే, ఆదాయ పరిమితిలో ఉన్న బీసీ, ఈబీసీ కుటుంబాలకు ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో నింపే కన్వీనర్ కోటాలో పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. దాని కోసమైనా ఈ పరీక్షను మనసుపెట్టి రాయాలి.

ఇక ఓయూ, జేఎన్‌టీయూ క్యాంపస్‌లా, సీబీఐటీ, వాసవిలా? ఓయూ ఇంజినీరింగ్ కాలేజీ 1929 నాటిది. తార్నాక మెట్రోలో దిగితే దగ్గర. జేఎన్‌టీయూకైతే ఆ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. రెగ్యులర్ కోర్సుల ఫీజు తక్కువ, ప్రొఫెసర్ల దగ్గర పరిశోధన వాతావరణం ఉంటుంది, స్వతంత్రంగా చదువుకునే పిల్లలకు నప్పుతుంది. భవనాలు, ల్యాబులు కొన్ని పాతబడ్డాయి, వెంటపడి చదివించేవాళ్లు ఉండరు. గండిపేట సీబీఐటీ, ఇబ్రహీంబాగ్ వాసవి క్రమశిక్షణగా నడుస్తాయి, క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు కంపెనీలు బాగా వస్తాయి. ఫీజు ఏడాదికి లక్ష పైనే. ఎల్బీనగర్ నుంచి గండిపేటకు కాలేజీ బస్సులో రోజూ వెళ్లిరావడం చిన్న పని కాదు, ఒకరోజు పొద్దున ఆ దారిలో మీరే వెళ్లి చూడండి.

ఒకటి గుర్తుంచుకోవాలి. జేఎన్‌టీయూ క్యాంపస్ సీఎస్ఈ ఎప్‌సెట్‌లో మొదట నిండే సీట్లలో ఒకటి. దాన్ని సేఫ్టీగా రాసుకోవద్దు, అది టార్గెట్. సేఫ్టీ అంటే ఓయూ ఈసీఈ, వాసవి ఐటీ, వీఎన్‌ఆర్, గోకరాజు, ఎంజీఐటీల్లో సీఎస్ఈ లాంటివి. అమ్మాయిలకైతే షేక్‌పేట నారాయణమ్మ కాలేజీ కూడా. వీటిలో కనీసం రెండింటికి పిల్లలను తీసుకెళ్లి, క్యాంటీన్‌లో కూర్చుని, మూడో ఏడాది వాళ్లతో మాట్లాడించండి. "ఇక్కడైనా బాగానే చదువుకుంటాను నాన్నా" అని పిల్ల తనంతట తాను అన్న కాలేజీయే సేఫ్టీ. కటాఫ్ ఎంత కిందున్నా, పిల్ల మొహం తిప్పుకున్న కాలేజీ జాబితాలో ఉండి లాభం లేదు. నన్నడిగితే, పేరు తెలియని కాలేజీలో ఏఐ అని, డేటా సైన్స్ అని బోర్డు పెట్టిన సీఎస్ఈ కంటే ఓయూ ఈసీఈ ఎప్పుడైనా మేలు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు మాత్రం క్రమం తిరగబడాలి. పైన కలలు, తర్వాత టార్గెట్, అడుగున సేఫ్టీ. రాదేమోనని మంచిదాన్ని కిందికి దించనక్కర్లేదు, పైది రాకపోతేనే కిందిది చూస్తారు. జోసాలో మాక్ అలాట్‌మెంట్ (నమూనా సీట్ల కేటాయింపు) చూశాక ఇంకోసారి సర్దుకోవచ్చు. సీటు వచ్చాక ఫ్లోట్ పెడితే పై ఆప్షన్లన్నీ బతికే ఉంటాయి, స్లయిడ్ పెడితే అదే కాలేజీలో మెరుగైన బ్రాంచికే పోటీలో ఉంటారు. జోసా రౌండ్లు నడుస్తుండగానే ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లూ వస్తాయి. వరంగల్ వస్తుందిలే అని ఎప్‌సెట్ వదిలేయకండి, సీటు చేతికొచ్చి చేరేదాకా రెండూ నడపండి.

సేఫ్టీలో చేరడమా, ఇంకో ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ రాసే లాంగ్ టర్మ్‌కు వెళ్లడమా అన్నది ఆఖరి ప్రశ్న. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లలో రెండుసార్లే రాయొచ్చు. ఐఐటీ సీటు ఒకసారి తీసుకుంటే మళ్లీ అడ్వాన్స్‌డ్‌కు అర్హత పోతుంది, ఎన్‌ఐటీ సీటుకు ఆ నిబంధన లేదు. పరీక్ష రోజు జ్వరమో, ఇంట్లో ఏదైనా జరగడమో కారణమై, మార్కు మామూలు టెస్టుల కంటే బాగా పడిపోతే లాంగ్ టర్మ్‌కు అర్థం ఉంది. పది టెస్టుల మధ్య మార్కుకు దగ్గరగానే అసలు పరీక్షలోనూ వస్తే, ఇంకో ఏడాది హాస్టల్లో పెట్టడం కంటే ఓయూలోనో వాసవిలోనో చేర్పించడమే మేలు.